గిడుగు రామమూర్తి పంతులుగారు: శాసనములు, సవరలు

ప్రతి సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఈ రాజధానీ నగరమునందలి తెలుగు సంఘములవారు తెలుగు భాషా దినోత్సవము జరుపుట పరిపాటి అయినది. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జన్మదినము. ఆ సభలలో వక్తలందరును పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా కొనియాడుదురు. అది న్యాయమే. కాని ఆ ఉద్యమమునకు చాల పూర్వమునుండియు, అది సాగుచున్న కాలమునందును, దాని వేడి చల్లారిన పిదపను పంతులుగారు మరియొక పనిలో మునిగియుండిరన్న సంగతి మన పిల్లలకు మాత్రమే కాదు, పెద్దలలో కూడ చాలమందికి తెలియదు. ఆయన చరిత్రోపాధ్యాయులు, శాసన పరిశోధకులు; దాదాపు నలువదియైదేండ్లు సవరల భాషకు సేవ చేసినవారు. ఆ రెండవ జీవితమును గూర్చియే ఈ వ్యాసము.

నాకు ఈ విషయముపై ఆసక్తి కలిగిన విధము చెప్పుట అప్రస్తుతము కాదనుకొందును. ఉద్యోగరీత్యా ఒకమారు 1950వ సంవత్సరపు షెడ్యూల్డు తెగల ఉత్తరువును, దాని తరువాతి మార్పులతోసహా, తిరుగవేయవలసివచ్చినది. ఆంధ్రదేశపు పట్టికలో సవరలు, కాపు సవరలు, మలియ సవరలు, ఖుట్టో సవరలు అని యున్నది. ఒడిశా పట్టికలో సవోరా, సవర్, సౌరా, సహరా అని యున్నది. ఒకే జనమునకు ప్రభుత్వ కాగితములలో ఇన్ని పేర్లు! వారు తమను తాము ఏమని పిలుచుకొందురో తెలిసికొనగోరి విచారింపగా, సోర అని తెలిసినది. ఆ మాటను వారి నోట విని, దీర్ఘముతోసహా గ్రంథమునకు పేరుగా పెట్టినవారు మన రామమూర్తి పంతులుగారే.

పంతులుగారు 1863వ సంవత్సరమున శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున, వంశధారా ప్రాంతమందలి పర్వతాలపేట యను గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు అచ్చటి ఠాణాలో రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారికి చోడవరమునకు బదిలీ అయినది. అచ్చటనే 1875లో విషజ్వరముతో కాలము చేసిరి. ఒక బదిలీయుత్తరువు ఒక సంసారమును ఎట్లు తారుమారు చేయగలదో మనవంటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. పండ్రెండేండ్ల ఆ బాలుడు మేనమామగారి అండన చదువుకొని, విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చేరి, 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. గురజాడ అప్పారావుగారు అచ్చట ఆయనకు సహాధ్యాయి. ఆ యేడే వివాహమైనది. మరుసటి యేడు, అనగా 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై చరిత్ర బోధించు ఉద్యోగము దొరకినది. ఉద్యోగము చేయుచునే ఇంటివద్ద చదివి 1886లో ఎఫ్.ఏ., తరువాత పట్టపరీక్షయు ముగించిరి. పాఠశాల కళాశాలగా పెరిగినప్పుడు ఆయనయు దానితోపాటు పెరిగి కళాశాల తరగతులకు పాఠములు చెప్పిరి. 1911లో విరమించిరి. ఆయన ఉద్యోగ చరిత్ర యింతియే. పీఠాధిపత్యములు, విదేశయాత్రలు వెదకువారికి అందేమియు దొరకదు.

అయితే చరిత్ర చెప్పు పంతులుకు పాఠ్యపుస్తకమునకు వెలుపల ఒక చరిత్ర యుండెను. శ్రీముఖలింగమున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు కలవు. ఆ గుడుల రాళ్ళనిండ శాసనములే. చిన్ననాటినుండి ఎరిగిన ఆ గోడలపై ఏమి వ్రాసియున్నదో చదువగోరిరి. చెప్పు గురువు లేడు. పాత లిపిని, అందలి భాషను స్వయంకృషిచేతనే నేర్చుకొనిరి. చదివినదానిని విద్వత్పత్రికలకు పంపసాగిరి.

పురావస్తు శాఖవారి ప్రచురణమగు ఎపిగ్రాఫియా ఇండికా నాల్గవ సంపుటము 1896–97వ సంవత్సరములది. తిలక్ మార్గమునందలి వారి కేంద్ర గ్రంథాలయమున దానిని నేను ఒక మధ్యాహ్నము తెరచి చూచితిని. ఆ సంపుటములో హుల్ట్జ్, కీల్‌హార్న్ మొదలగు జర్మను పండితుల వ్యాసములనడుమ పర్లాకిమిడి బడిపంతులు పరిష్కరించిన నడగాము తామ్రశాసనమును కలదు. అది తూర్పు గాంగరాజగు వజ్రహస్తునిది. శకవర్షము 979, అనగా క్రీ.శ. 1057–58 నాటిది. రాజు పట్టాభిషేక సంవత్సరము అందు అంకెలలో లేదు. ఆకాశము, ఋతువు, నిధి అను అర్థముగల మాటలలో దాచియున్నది. ఆకాశము సున్న, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. కుడినుండి ఎడమకు చదివినచో 960వ శకవర్షము, క్రీ.శ. 1038 అగును. పూరీ జగన్నాథాలయ నిర్మాణమునకు పూనుకొన్న అనంతవర్మ చోడగంగదేవుడు ఈ వజ్రహస్తుని మనుమడే. కావున ఆ రాజవంశపు కాలనిర్ణయమునకు ఈ రేకులు ఎంత ఆధారమైనవో చదువరులు ఊహింపగలరు.

ఆ వ్యాసమునందే పంతులుగారు మరియొక చిక్కును విప్పిరి. గాంగరాజుల రాజధాని కళింగనగరము. అది యెక్కడ? వంశధార సముద్రమున గలియుచోటనున్న కళింగపట్నమే యని అదివరకు పండితులు తలచుచుండిరి. పేరులలోని పోలిక అట్టిది. పంతులుగారు పేరును నమ్మలేదు. శ్రీముఖలింగమునకును పొరుగూరగు నగరికటకమునకును నడుమనున్న శిథిలములను కాలినడకన చూచినవారు. గుడిగోడలపై నగరమును గూర్చిన ప్రస్తావనలు చదివినవారు. కళింగనగరము శ్రీముఖలింగమే యని వాదించిరి. తరువాతి చరిత్రకారులలో అత్యధికులు ఆ నిర్ణయమునే అంగీకరించిరి. తాను పుట్టిన ఊరి పొరుగునున్న పల్లెయే ఒకనాటి మహారాజధాని యని నిరూపించిన భాగ్యము ఎందరు చరిత్రోపాధ్యాయులకు పట్టును?

ఇంతటితో ఆయన ఆగియుండినచో శాసన పరిశోధకుల పట్టికలో గౌరవమైన పేరుగా నిలిచియుండెడివారు. కాని శ్రీముఖలింగ స్థలపురాణమున ఒక కథ కలదు. మధుకమనగా ఇప్పచెట్టు. ఒక శబరనాయకుడు ఇప్పచెట్టును నరుకబోగా దాని మొదట శివుడు ప్రత్యక్షమై మధుకేశ్వరుడైనాడట. పూరీ క్షేత్రపు కథలోను స్వామిని తొలుత పూజించినవాడు శబరుడే. ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్రులను, పుండ్రులను, శబరులను, పుళిందులను ఒక్క వరుసలోనే పేర్కొనిరి. మన పేరును వారి పేరును తోబుట్టువులవలె ఒకచోటనే పుట్టినవి. రామాయణమున శబరి యుండనేయున్నది. ఇన్ని గ్రంథములలో నున్న ఆ జనము శాసనములలో దానము చేయువారిగా లేరు, పుచ్చుకొనువారిగాను లేరు. మరి వారెక్కడనున్నారు? పర్లాకిమిడికి కనుచూపుమేరలో నున్న కొండలమీదనే యున్నారు, సంతకు దిగివచ్చుచున్నారు. భాష తెలియనందున వర్తకునివద్దను, కచేరీలోను నష్టపోవుచున్నారు. రాళ్ళు చదువు పంతులుకు ఎదురుగానున్న మనుష్యుని మాట తెలియకుండెను.

1892–93 ప్రాంతమున, ముప్పదియేండ్ల వయస్సున, ఆయన సవరభాషకు పూనుకొనిరి. తెలుగును సవరయు వచ్చిన ఒక సవరను తన యింటనే ఉంచుకొని, అతడు చెప్పుచుండగా విని వ్రాసికొనుచు, అడిగినదే అడుగుచు నేర్చుకొనిరి. ఈనాడు విశ్వవిద్యాలయములలో దీనికి పెద్దపెద్ద పేర్లు కలవు. పరిశోధన జనముమీద గాదు, జనముతోకూడి చేయవలెనని బోధించుచున్నారు. ఆనాడు అట్టి బోధ లేదు. ఒక సద్బ్రాహ్మణ గృహమున కొండజాతివానిని కూర్చుండబెట్టుకొని అతనిని గురువుగా భావించుట ఆ కాలపు పర్లాకిమిడిలో ఎట్టి చర్చకు దారితీసియుండునో పెద్దలు ఎరుగుదురు.

సవర తెలుగుకు చుట్టము కాదు, ఒడియాకును కాదు. అది ముండా భాషలలో చేరినది. గొంతులో గాలిని ఒక్కక్షణము బిగబట్టి విడుచుటచే పుట్టు ఒక ధ్వని అందు కలదు. దానికి మన యేబదియారు అక్షరములలో గుర్తు లేదు. క్రియాపదము నోరు తెరచి నామములను మ్రింగును. కత్తితో నీ కడుపున పొడుచును అనుటకు మనకు నాలుగు మాటలు కావలెను. సవరకు ఒక్క మాట చాలును, పొడుచుట, కడుపు, కత్తి, నీవు అన్నియు అందే యుండును. లెక్క మరియు విచిత్రము. వారు పన్నెండువరకు వేరువేరు పేర్లతో లెక్కించి, పదమూడును పన్నెండు-ఒకటి యందురు, పందొమ్మిది పన్నెండు-ఏడు, ఆపైన ఇరువది. ముప్పదిమూడు అనవలసినచో ఇరువది-పన్నెండు-ఒకటి. మా యింట పిల్లలకు ఈ లెక్క చెప్పగా వారు సంతోషముతో ఒక సాయంకాలమంతయు ఆడుకొనిరి. కాని పదులలెక్క తప్ప మరియొకటి ఎరుగని పంతులు బడిలో కొండపిల్లవానిని మందబుద్ధియని ఏల తలచునో నాకు ఆ సాయంకాలమే అర్థమైనది.

భాష నేర్చిన పిదప పంతులుగారు చేసిన పని పండితులకొఱకు వ్యాసములు వ్రాయుట కాదు, బడులు పెట్టుట. సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని నిశ్చయించి, తన సొంత సొమ్ముతో పాఠశాలలు నెలకొల్పి, ఉపాధ్యాయుల జీతములు తానే చెల్లించిరి. మనలో ప్రయాణపు బత్తెము బిల్లు ఒక నెల ఆలస్యమైనచో ఎంత కలవరపడుదుమో తలచుకొన్నచో ఈ వాక్యము బరువు తెలియును. ప్రభుత్వము ఆయన కృషికి మెచ్చి పారితోషికము ఇయ్యబోగా తనకు వలదని, ఆ ధనముతో సవరలకు బడి పెట్టినచో పుస్తకములు తాను వ్రాసి యిత్తునని తెలియజేసిరి. ఆ మాట నిలుపుకొని 1911లో వాచకములు, కథల పుస్తకములు, పాటల పుస్తకములు, తెలుగు-సవర, సవర-తెలుగు నిఘంటువులు సిద్ధపరచిరి. 1913లో ప్రభుత్వమువారు రావు బహదూర్ బిరుదమునిచ్చిరి. బిరుదునకు ఖర్చు లేదు గదా!

ఈ సేవకు ఆయన చెల్లించిన మూల్యము డబ్బు మాత్రమే కాదు. మన్యపు కొండలలో తిరుగుటవలన మలేరియా పట్టినది. దానికై క్వినైను పుచ్చుకొనగా పుచ్చుకొనగా వినికిడి దెబ్బతిన్నదని ఆయన జీవితము వ్రాసినవారు చెప్పుదురు. తండ్రిని కబళించినది జ్వరము. కుమారుని చెవులను హరించినదియు జ్వరమే. పరుల నోటి ధ్వనులను విని, వాటి సూక్ష్మభేదములను పట్టి వ్రాయుటయే వృత్తిగా పెట్టుకొన్నవానికి చెవుడు! శాసన పరిశోధకునికి కన్నులు పోయినట్లే యిది. ఐనను ఆయన పని మానలేదు. యౌవనమున విని వ్రాసిపెట్టుకొన్నది నిధివలె నుండెను. కుమారుడు సీతాపతిగారు సవర నేర్చి తోడ్పడిరి. సీతాపతిగారు తరువాత సవరల దేశమును గూర్చియు వారి పాటలను గూర్చియు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో వ్రాసిరి. 1969 వరకు జీవించిరి.

వ్యావహారిక భాషోద్యమ కథ అందరెరిగినదే కావున ఇచ్చట రెండుమాటలతో ముగించెదను. పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర, బడిపుస్తకముల తెలుగు జనుల నోటి తెలుగుకంటె ఇంత వేరుగా ఏల యున్నదని ప్రశ్నించెను. ఆ ప్రశ్న విశాఖపట్టణపు విద్వాంసులద్వారా అప్పారావుగారికిని రామమూర్తిగారికిని చేరినది. 1919లో పంతులుగారు తెలుగు అను మాసపత్రికను నడపిరి. ఆ యేడే వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము వీరేశలింగముగారి అధ్యక్షతన ఏర్పడినది. పంతులుగారికి ఈ ఉద్యమబీజము పాశ్చాత్యుల భాషాశాస్త్ర గ్రంథములనుండి వచ్చినదని కొందరందురు. ఆ గ్రంథములు ఆయన చదివినమాట నిజమే. కాని నా తలపు వేరు. లిపియే లేని భాషకు వ్యాకరణము వ్రాయబూనినవాడు, మాట ముందు, వ్రాత వెనుక యను సత్యమును పుస్తకమునుండి నేర్చుకొన నక్కరలేదు. సవరపిల్లవానికి ఇంటిమాటతో చదువు చెప్పవలెనని పదునైదేండ్లు పాటుపడినవానికి, తెలుగుపిల్లవానికి మాత్రము ఇంటిమాట కాని మాటతో చెప్పవలెననుట ఎట్లు రుచించును? కొండమీద నేర్చిన పాఠమునే ఆయన పల్లమునకు తెచ్చిరి. ఆ మహనీయుని గూర్చి ఈ గ్రాంథికపు ఫక్కిలో వ్రాయుచున్నందులకు నాకును సంకోచముగానే యున్నది. చేతికి అలవడిన ఫక్కి ఇదియే. చదువరులు మన్నింతురు గాక.

సవరభాషా వ్యాకరణము ఆంగ్లమున వ్రాసినది 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమున వెలువడినది. అప్పటికి పంతులుగారికి 68 ఏండ్లు. పని మొదలుపెట్టి 38 ఏండ్లు. తెలుగులిపి చాలని ధ్వనులకు అందు ధ్వనిశాస్త్ర సంకేతములు వాడిరి. ఒక్క లోపము నాకు తోచినది చెప్పెదను. ఆ గ్రంథపు ముఖపత్రముపై ఒక్క పేరే కలదు. యింట కూర్చుండి సంవత్సరములకొలది మాట యందించిన ఆ సవర గురువు పేరు పంతులుగారి పేరు సరసన ఉండవలసినది. ఆ కాలపు ఆచారము అట్లుండెను. పంతులుగారివంటి న్యాయబుద్ధి గలవారుకూడ ఆ ఆచారమును దాటలేదనుట దోషము చెప్పుటకు గాదు, ఉన్నమాట.

అటుపిమ్మట 1936 వచ్చినది. ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రము ఏర్పడినది. పర్లాకిమిడి రాజావారు తమ జమీని ఒడిశాలో చేర్ప యత్నించిరి. ఆ రాజావారి విద్యాసంస్థలో ముప్పదియేండ్లు జీతము తిన్న పంతులుగారు తెలుగువారిని కూడగట్టి ఎదిరించిరి. తుదకు తాలూకా రెండుగా చీలినది. పర్లాకిమిడి పట్టణము ఒడిశాకు పోయినది. శ్రీముఖలింగము మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. ప్రారంభోత్సవము జరుగు దినమున ఉదయముననే, 72 ఏండ్ల వృద్ధు, 56 ఏండ్లు నివసించిన ఊరిని, అందలి ఆస్తిని విడిచి రాజమహేంద్రవరమునకు తరలిరి. ఆ గీత తెలుగువారినే కాదు, సవరలనుకూడ విడదీసినది. పంతులుగారు వీడిన కొండలు గీతకు ఆవల, ఆయన పుట్టిన ఊరు ఈవల. మనము ఈ విషయమై తెలుగువారి నష్టమునే తలచుట వాడుక; రెండు పట్టికలలో రెండు విధములుగా పేరెక్కిన సవరలను ఎవరును అడిగినట్లు లేదు.

ఆ యేడే ఒడిశావైపున మంగెయి గొమాంగో యను సవర తన భాషకు సొంతలిపిని, సోరాంగ్ సోంపెంగ్ అనుదానిని, కల్పించెను. పంతులుగారు తెలుగు అక్షరములలో ఇమిడ్చిన మాటకు ఆ జనమే తన అక్షరములను తెచ్చుకొనుట విశేషము. 2012లో ఆ లిపి కంప్యూటర్లలో వాడు అంతర్జాతీయ అక్షరపట్టికయగు యూనికోడ్‌లోనికి ఎక్కినది.

1938లో సవర-ఆంగ్ల నిఘంటువు అచ్చయినది. ఆ యేడే ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించిరి; కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకము అదివరకే వచ్చియుండెను. 1940 జనవరి 15వ తేదీన మద్రాసున ప్రజామిత్ర కార్యాలయమునందు పత్రికాసంపాదకుల యెదుట తెలుగును గూర్చి తుదిమారు మాటాడిరి. అటు తరువాత వారము దినములకు, జనవరి 22వ తేదీన, కన్నుమూసిరి.

సవరల మతమును గూర్చి పెద్ద గ్రంథమును 1955లో ప్రకటించిన వెరియర్ ఎల్విన్ 1964లో ఈ ఢిల్లీనగరముననే మరణించెను. పంతులుగారి తరువాత ఆ కొండలెక్కిన పరిశోధకులకెల్ల ఆయన వ్యాకరణమును, నిఘంటువును దారిబత్తెమైనవి. బడులమాట వేరు. సొంత సొమ్ముతో ఆయన నడపిన బడుల పద్ధతిని ప్రభుత్వము చేపట్టుటకు చాలకాలము పట్టినది. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతులు ప్రారంభించిరి. అందు సవర యొకటి. సీతంపేట కొండలలోని పిల్లలకై అచ్చువేసిన ఆ సవర వాచకములు, 1911లో పంతులుగారు సిద్ధపరచినవానివలెనే, తెలుగులిపిలో నుండెను.